పరాసుల రేవులో అడిగిన మాట

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. తిరిగే కాలు మా ఆయనకీ, తిట్టే నోరు నాకూ ఇచ్చి దేవుడు ఇద్దర్నీ ఒక ఇంట్లో పడేశాడు. రాజమండ్రి బళ్ళో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. బడి వదలగానే ఇంటికి రారు. గోదావరి గట్టుకి పోయి, వచ్చే పడవల్నీ పోయే పడవల్నీ చూసి, చీకటి పడే వేళకి వస్తారు. అన్నం ముందు కూర్చున్నా పారిస్ నగరం కబుర్లే. అక్కడ వీధి వీధికీ దీపాలట, నది మీద వంతెన పక్కన వంతెనట. మా గోదావరికి అప్పటికి రైలు వంతెన కూడా లేదు. "మనకీ నది ఉందిగా, ముద్ద కలుపుకోండి," అనేదాన్ని.

ఆ ఏడు దసరా సెలవులకి యానాం వెళదామన్నారు. ఫ్రెంచివాళ్ళని మేం పరాసులనేవాళ్ళం. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, మధ్యలో ఆ ఒక్క ఊరూ పరాసులది. "సముద్రం దాటకుండా నిన్ను ఐరోపా తీసుకెళతానే," అన్నారు. పెళ్ళై ఆరేళ్ళయినా పుట్టిల్లూ ఆ ఇల్లూ తప్ప నేను మరో చోటు ఎరగను. పిల్లలు లేరు, వెనక్కి లాగేవాళ్ళు లేరు. సంబరపడుతూ బట్టలు సర్దాను.

సర్దేటప్పుడే చూశాను. నావి రెండు చీరలు. ఆయన పెట్టెలో మాత్రం ఇంట్లో ఉన్న పంచెలన్నీ ఉన్నాయి, అడుగున ఉన్ని కోటు.

"మూడు రోజులకి ఉన్ని కోటెందుకండీ? యానాంలో మంచు కురుస్తుందా ఏంటి?"

"పరాసుల్ని చూస్తే చలేస్తుందేమోనని," అని నవ్వారు గానీ నా మొహంలోకి చూడలేదు.

గుమ్మం దిగుతుంటే పక్కింటి పిన్నిగారు, "దూరమా అమ్మా?" అంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మా నమ్మకం. ఎవరైనా అడిగేస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అందుకే దూరమా అంటారు. మా ఆయన ఈ శకునాలన్నిటినీ వెక్కిరించేవారు. అయినా ఓసారి పాలమనిషి నోరుజారి అడిగితే, ఏదో మరిచిపోయినట్టు లోపలికి వచ్చి కూర్చున్నారు కూడా. ఇంగ్లీషు చదువు తలకెక్కింది గానీ కాళ్ళదాకా దిగలేదు.

ధవళేశ్వరంలో కాలువ పడవెక్కాం. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడేసుకుని లాగుతున్నారు. ఆయన కుదురుగా కూర్చుంటేగా. దిగి వాళ్ళతో నడుస్తారు, ఎక్కుతారు, మళ్ళీ దిగుతారు. నేను ఆ పెట్టెకేసి చూస్తూ కూర్చున్నాను. కాలువకి రెండు వైపులా చేలు పచ్చగా ఉండే ఉంటాయి. నాకు కోటు తప్ప ఇంకేమీ కనపడలేదు.

యానాం మాత్రం బావుంది. లేదనను. గీత గీసినట్టు తిన్నని వీధులు, సున్నం కొట్టిన పెద్ద ఇళ్ళు. పూటకూళ్ళమ్మ ఇంట్లో దిగి, సాయంత్రం ఏటి ఒడ్డుకి వెళ్ళాం. ఒక దొరా దొరసానీ చేతిలో చెయ్యి వేసుకుని ఎదురొచ్చారు. "మనమూ అలా నడుద్దామా?" అన్నారు. "నలుగురూ చూస్తే చచ్చేంత సిగ్గండీ," అన్నాను. చూడ్డానికి మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరక్కడ. ఎప్పుడూ నాలుగు అడుగులు ముందు నడిచే మనిషి ఆ వీధిలో ఆగి, నేను పక్కకి వచ్చాక కదిలారు. వీధి చివరిదాకా పక్కపక్కనే నడిచాం. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

వీధి చివర చెప్పారు. ఒక పరాసు వర్తకుడు పారిస్ వెళుతున్నాడట. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడానికి మనిషి కావాలట. రెండేళ్ళు. ఎల్లుండి పొద్దున్నే రేవులో నావ, సముద్రంలో ఓడ. నన్ను మా అన్నయ్య ఇంటికి చేర్చడానికి మనిషిని కూడా కుదిర్చారట.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు సముద్రం దాటాడంటే మా వాళ్ళు నన్ను గడప తొక్కనిస్తారా? రెండేళ్ళు నాలుగేళ్ళయితే? అసలు రాకపోతే? పుట్టింట వసారాలో ముసలిదాన్నయిపోతూ కూర్చున్న నేనే నాకు కనపడ్డాను. అయినా వద్దనలేదు. ఆరేళ్ళుగా అంటున్న వద్దులు ఎన్ని చెల్లాయని? మర్నాడంతా ఆయన ఊరు చూపిస్తూనే ఉన్నారు, నేను తల ఊపుతూనే ఉన్నాను. అన్నం సయించలేదు.

మూడో నాటి పొద్దున రేవుకి వెళ్ళాం. పెట్టె అప్పటికే నావలోకి చేరింది. వర్తకుడు గొడుగేసుకుని కూర్చున్నాడు. నీరు సముద్రం వైపు లాగుతుండగానే వెళ్ళిపోవాలని నావ నడిపే సరంగు తొందరపెడుతున్నాడు. ఆయన నాకేసి ఒకసారి చూసి, నావకి వేసిన బల్ల మీద కాలు పెట్టబోయారు.

"ఏమండీ, ఎక్కడికి?" అన్నాను.

కాలు గాల్లోనే ఆగింది. ఆయన మెల్లగా వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. "నీళ్ళియ్యి," అన్నారు. మరచెంబు మూత తిప్పాను. తిప్పాల్సిన వైపు కాదు. మూత ఎంతకీ రాలేదు. గుక్కెడు నీళ్ళు పోసి, ఆగి, మళ్ళీ పోశాను. సరంగు అరుస్తూనే ఉన్నాడు. ఆయన లేచేసరికి నావకీ మెట్టుకీ మధ్య బారెడు నీళ్ళున్నాయి, చూస్తుండగానే రెండు బారలయ్యాయి. కోటు పారిస్ వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్కసారి కూడా పడవ దిగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత శకునాల్ని వెక్కిరించడమూ మానేశారు. నుదుట రాయలేదు, అంతే, అనేవారు ఎవరైనా అడిగితే. గట్టుకి వెళ్ళడం మాత్రం మానలేదు.

చాలా ఏళ్ళకి, జ్వరంలో ఉండగా అడిగారు. "ఆనాడు మరిచిపోయి అడిగావా, తెలిసే అడిగావా?"

"మరిచిపోయి," అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను," అని అటు తిరిగి హాయిగా నిద్రపోయారు. నుదుటి రాతనయితే ఓర్చుకోగలరు, నన్ను ఓర్చుకోగలరో లేదో నాకు తెలీదు. అందుకే అబద్ధమాడాను.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను: తెలిసే అడిగాను. మళ్ళీ ఆ రేవులో నిలబెడితే మళ్ళీ అడుగుతాను.