లాకీ ముక్కు

కిర్స్టీ తడి దుప్పటి భుజాన వేసుకుని బట్టీ గుమ్మంలో ఊడిపడింది. విస్కీకి వాడే మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో, అంటే చిత్తడి నేలలోంచి తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డల పొగలో, ఆరబెట్టే బట్టీ అది. దాన్ని చూసుకునేది లాకీ. అక్కడే పనిచేసే మా ఆయనకి రొట్టె ఇచ్చి వస్తూ నేనంతా కళ్ళారా చూశాను.

"నీ పొగ తగలెయ్య! గుడ్డలన్నీ కంపు. మళ్ళీ ఎవడు ఉతుకుతాడు, నువ్వా?"

లాకీ దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది నా పొగ కాదు తల్లీ. నేను కాల్చేది సముద్రపు ఒడ్డున తవ్విన పీట్. నాచు వాసన, తారు వాసన వస్తుంది. ఇది కొండమీది పీట్, ఎండిన పూలపొదల వాసన. మీ పొయ్యిదే. పొగగొట్టంలో ఏ కాకో కాపురం పెట్టి ఉంటుంది, చూసుకో."

"కాకి కాపురం పెట్టింది నీ బుర్రలో!"

అందరం కిర్స్టీ ఇంటికి నడిచాం. గొట్టంలోకి గెడ పెట్టి పొడిస్తే బుట్టెడు గూడు, దానితోపాటు మసి, కిర్స్టీ నెత్తినే పడ్డాయి. ఆ తర్వాత లాకీ ముక్కుతో ఎవరూ పెట్టుకోలేదు.

లాకీ, నేనూ బడిలో ఒకే బల్ల. ఇద్దరం కలిసే మానేశాం. మా నాన్న తాగుడు చూసి, ఆ చుక్క పెదవికి తగలనివ్వనని అమ్మ నా చేత చర్చిలో ఒట్టు పెట్టించింది. నేను తప్పలేదు. కానీ అంతంత మగాళ్ళు గ్లాసు మీద వాలి కళ్ళు మూసుకుంటుంటే, అందులో ఏముందా అని ఉండేది. ఒకసారి అడిగేశాను.

"ముందు పొగబెట్టిన చేప. తర్వాత మోకాలు చీరుకుంటే రాసే టించరు. ఉప్పు గాలి. అన్నీ పోయాక అడుగంటిన జావ తీపి," అన్నాడు.

"టించరు తాగడానికి గ్లాసెందుకురా?" అన్నాను. నవ్వాడు. నాకు మాత్రం ఆ తీపి సంగతి బుర్రలోంచి పోలేదు.

లాకీ పని మానేసే ముందు ఆఖరిసారి పొగబెట్టిన బార్లీ విస్కీ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉండి, ఈ శరత్తులో సీసాలకెక్కింది. మొదటి సీసా అతనికే పంపారు. ఊరంతా వచ్చి రుచి చూసి ఆహా అని పోయింది. నేను చారు గిన్నె పట్టుకెళ్ళేసరికి సీసాకెదురుగా దొంగలా కూర్చున్నాడు.

"తలుపు వెయ్యి ఎఫీ. పని మానేసే ముందు, ఆ ఆఖరి చలికాలం వచ్చిన జ్వరానికే నా ముక్కుకి వాసన తెలియకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు."

"మరి బట్టీ?"

"పొగ రంగు చూసి నెట్టుకొచ్చాను. వానకి ఒడ్డున పీట్ తవ్వే గుంటలు మునిగాయి. బండివాడు ఏ పీట్ తెచ్చి పోశాడో! తడిసిందంతా ఒకేలా ఉంది. కొండదైతే, నా పేరున పంపిన ఆఖరి సరుకులో మా ఊరి విస్కీ రుచి లేనట్టే."

"అందరూ బాగుందంటున్నారుగా?"

"నా మొహమ్మీద బాగాలేదంటారా? నేను ఊదిన బ్యాగ్‌పైపు కూడా బాగుందన్నవాళ్ళే. పిల్లి పురుడు పోసుకుంటున్నట్టుందన్నది నువ్వొక్కదానివే."

"ఉన్నమాటే అన్నాను."

"అందుకే." గ్లాసు నావైపు జరిపాడు. "ఊరికే మూచూస్తే పీపా చెక్క వాసనే తగులుతుందట. నాలుక మీద వేసుకో, ఉమ్మేసినా సరే. మీ అమ్మ అడిగితే నా పేరు చెప్పు. పుట్టిందగ్గర్నుంచీ ఆ పొగలో గుడ్డలారేసినదానివి. నాచా, పూలపొదలా? నన్ను చూసి కాదు, ఉన్నదున్నట్టు చెప్పు."