ఆగిన ఇంజన్ వైపు మలుపు

నాకు ముక్కు మీద కోపం. కిందటిసారి నమూనా విమానాల పోటీలో అర మార్కు కోసం జడ్జితో గొడవపడి మా బావగారి పరువు తీశాను. ఈసారి బయల్దేరే ముందే ఆయన చెప్పేశారు, "గెలిచినా ఓడినా నోరు మూసుకో" అని.

పోటీలో ఎగరేసే విమానం ఆయన చేసిందే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో రిటైరయ్యాక మూడేళ్లు కూర్చుని, పాతకాలపు రెండింజన్ల ప్రయాణికుల విమానానికి నమూనా కట్టారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఇది పోతే మరొకటి కట్టలేరు. రిమోట్ కూడా పట్టుకోలేరు గనక ఎగరేసేది నేను, నా వెనక నిలబడి జడ్జీలకు వినబడేలా ఒక్కో విన్యాసానికి "మొదలు", "పూర్తి" అని అరిచేది ఆయన.

ఈ పోటీలో పల్టీలకు మార్కులుండవు. అసలు విమానం ఎలా నడుస్తుందో నమూనా అలాగే నడవాలి. తొందరపడితే బొమ్మలా కనిపిస్తుంది. తొందరేమో నా జబ్బు.

హనుమాన్ జంక్షన్ అవతల కాలేజీ గ్రౌండ్‌లో ఆ ఉదయం అన్నీ కుదిరాయి. దిగడమొక్కటే మిగిలింది. రన్‌వే కోసం ఎడమకి చివరి మలుపు తిప్పబోతుండగా ఎడమ ఇంజన్ ఆగిపోయింది.

ఆగిన ఇంజన్ వైపు తిప్పితే రెక్క వాలి, బొంగరంలా తిరుగుతూ కూలొచ్చు. తిప్పకపోతే ఎదురుగా వరి కోసిన మడి. అందులో దిగితే ఆ దిగడానికి సున్నా. తిరిగిందా, కప్పు మాదే. నా బొటనవేలు అటే పోతోంది.

"తిప్పెయ్ గురూ!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

బావగారు అరవలేదు. నా చెవి దగ్గరికి వంగి, "ఒరేయ్, లోపల ప్రయాణికులున్నార్రా" అన్నారు.

బొటనవేలు ఆగింది. కుడి ఇంజన్ కూడా తగ్గించి, రెక్కలు సమంగా పట్టి, నేరుగా మళ్లోకి దించాను. వరి మోళ్లు తగిలి చక్రం ఒకటి ఊడింది. విమానం ఓ పక్కకి ఒరిగి ఆగింది. రైతు గట్టు మీంచి, "ఇప్పుడిప్పుడే మినుము మొలకొస్తందండీ, తొక్కమాకండి!" అని కేకలేశాడు. చెప్పులు విప్పేసి, మొలకలు తప్పించుకుంటూ వెళ్లాం.

జడ్జి సున్నా వేశాడు. నేను నోరెత్తలేదు. బావగారు వణికే చేత్తో రెక్క తడుముతూ, "బాగా దించావురా" అన్నారు. సిగ్గుతో ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. మలుపు దగ్గర ఆయన నా చెవిలో ఆ మాట అనకపోతే నేను తిప్పేసేవాణ్ణే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.