చేపనూనె మీద నారింజ రంగు

గ్లెనిస్ ట్రెవిన్ చేతులు మోచేతుల దాకా కిరోసిన్ వాసన కొడుతున్నాయి. ట్రాక్టరు ఇరుసు కింద వెల్లకిలా పడుకుని, పాత చాకుతో జిడ్డు గీకి రేకు ముక్క మీదికి రాలుస్తోంది. బార్లీ పొట్టు, ఎర్రమట్టి, గ్రీజు కలిసి రాయిలా గట్టిపడ్డాయి. అది సోమవారం పొద్దున. శనివారం గొర్రెల దొడ్డి గేటు దగ్గర ఆమె భర్త కాలిన్ గుండె ఆగి పడిపోయాడు. శుక్రవారం పదకొండింటికి చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత శ్మశానానికి.

మా వైపు రైతు పోతే శవపేటికను అతని సొంత ట్రాక్టరు వెనక చదును బండి మీద పెట్టి తీసుకెళ్తారు. ట్రాక్టరు లేనివాళ్ళకు నల్ల కారు వస్తుంది. కాలిన్‌ది యాభై ఎనిమిది నాటి చాంబర్లేన్ ట్రాక్టరు. ఒకప్పుడు నారింజ రంగు. ఇప్పుడు పాలిపోయి, పొక్కులు లేచి, ఫలానా రంగని చెప్పలేని స్థితిలో ఉంది. ఏటా చలికాలం రాగానే కాలిన్ "మరి నా ట్రాక్టరుకు రంగు సంగతేంటి?" అనేవాడు. "బయటివాళ్ళవి అవనీ" అనేది గ్లెనిస్. పదకొండు చలికాలాలు అలాగే గడిచాయి.

చుట్టుపక్కల కోతయంత్రాలకూ లారీలకూ రంగు వేయాలంటే ఆమె షెడ్డుకే తెస్తారు. ఎవరూ నేర్పిన పని కాదు. ఇరవై ఆరో ఏట మామగారి ధాన్యం తొట్టికి రంగు వేసింది. ఏడాదిలోపే అట్లు ఊడినట్టు ఊడింది. ఊడిన పెచ్చును తిరగేసి చూస్తే వెనకంతా దుమ్ము. తప్పు రంగుది కాదు, దాని అడుగుదని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి డబ్బాల వెనక రాసింది చదువుతూ, పాత రేకుల మీద వేసి చూస్తూ, పాడుచేసి మళ్ళీ వేస్తూ నేర్చుకుంది. ఉన్న రంగంతా ఇనుము దాకా తీయకుండా కొత్త రంగు వేయదు. "పైన ఒక పూత కొట్టేయ్, చాలు" అన్నవాళ్ళను గేటు దగ్గర్నుంచే పంపించేసేది.

ఇనుము దాకా తీయాలంటే నెల కావాలి. ఉన్నవి నాలుగు రోజులు. పాత రంగు మీదే వేయాలి. ఎవరికీ చేయని పని మొగుడికి చేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆ సంగతి చాకు మొద్దుబారిందన్న సంగతి లాగానే ఉంది ఆమెకు. ఎక్కడా గుచ్చుకోలేదు.

మధ్యాహ్నం పక్క పొలం కోరాలీ మాంసం కూర తెచ్చింది. గిన్నె అడుగున టేపు మీద ఆమె పేరు రాసి ఉంది. వంటగది బల్ల మీద అప్పటికే ఇరుగుపొరుగు తెచ్చిన అలాంటి గిన్నెలు ఏడు.

"గ్లెన్, మొహం చూసుకున్నావా? ట్రాక్టరు కంటే ముందు నీకు వేయించాలి రంగు."

"దీని తర్వాత చూద్దాంలే."

"కాస్త ఏడవరాదూ. గుండె తేలికవుతుంది."

"కన్నీళ్ళు పడితే రంగు పట్టదు కోరాలీ. ఆ పొడిగుడ్డ ఇటియ్యి."

కోరాలీ గుడ్డ ఇచ్చి వెళ్ళింది. గ్లెనిస్ నిలబడే తిన్నది. ఏం తిన్నదో సాయంత్రానికి గుర్తులేదు.

మంగళవారం పొక్కులన్నీ గీకి, మిగిలిన రంగును గరుకు ఎమరీ కాగితంతో రుద్ది నునుపు పోగొట్టింది. చలికాలంలో రంగు వేయడానికి పదింటికీ రెండింటికీ మధ్యే అదను. ఆ తర్వాత చెమ్మ దిగుతుంది. పదకొండింటికి వెనక చక్రం రేకు మీద జానెడు మేర ప్రైమర్, అంటే రంగు అడుగున వేసే పూత, కొట్టి చూసింది. తడి పూత కళ్ళముందే వెనక్కి జరిగి, మశూచి మచ్చల్లా గుంటలు పడింది.

గ్లెనిస్ వేలితో తుడిచి వాసన చూసింది. చేపనూనె.

సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఇక్కడి రైతులు చేపనూనె రాస్తారు. కోతలయ్యాక ఏటా కాలిన్ కూడా గుడ్డతో ట్రాక్టరంతా రాసేవాడు. ఆ చేతులతో వంటగదిలోకి రావొద్దని ఆమే ముప్పై ఏళ్ళు పోట్లాడింది. షెడ్డుకు ఏ బండి వచ్చినా ఆమె మొదటి మాట "చేపనూనె రాశారా?" అనే. ఈసారి అడగాల్సిన మనిషి లేడు. తనను తాను అడగాలని తోచలేదు. పైగా పొద్దున్నుంచి కాగితంతో రుద్ది ఆ నూనెను గీతల్లోకి తనే ఎక్కించింది.

కాలిన్ తమ్ముడు మరే అప్పుడే వచ్చాడు. గుంటలు చూసి టోపీ వెనక్కి జరిపాడు.

"గ్లెన్, నల్ల కారుకు చెప్పేద్దామా? ఇంకా టైముంది."

"వద్దు."

"శుక్రవారానికి ఆరకపోతే? మోసేవాళ్ళ సూట్లకు నారింజ రంగు అంటుకుంటే మా అన్న పెట్టెలోనే నవ్వి చస్తాడు."

"ఇంకోసారా? ఒక్కసారి చాల్లే."

మరే నవ్వబోయి ఆగాడు. "నన్నేం చేయమంటావు?"

"గుడ్డలు. ఇంట్లో ఉన్న పాత నూలుగుడ్డలన్నీ పట్రా. ఒక్క గుడ్డ ఒక్కసారే తుడవాలి. రెండోసారి తుడిస్తే తీసిన నూనె మళ్ళీ పూసినట్టే."

"అన్న చొక్కాలు..."

"నూలువైతే అవీ."

ఆ మధ్యాహ్నమూ బుధవారం పొద్దునా ఇద్దరూ తుడిచారు. ఆమె ఒక గుడ్డను జిడ్డు కరిగించే థిన్నర్‌లో ముంచి తుడిస్తే, ఆరకముందే వెంటనే మరే పొడిగుడ్డతో తుడిచేవాడు. తుడిచిన గుడ్డలన్నీ మంట అంటుకోకుండా బయట నీళ్ళ డ్రమ్ములో పడేశారు. ఎర్ర గళ్ళ చొక్కా చింపుతున్నప్పుడు మరే కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. గ్లెనిస్ బొత్తాలు కోసి జేబులో వేసుకుంది. బొత్తాం ఉంటే రేకు గీసుకుపోతుంది.

బుధవారం ఒంటిగంటకు మళ్ళీ జానెడు మేర కొట్టింది. పది నిమిషాలు చూసింది. గుంట పడలేదు. రెండింటిలోపు ట్రాక్టరంతా ప్రైమర్ అయింది.

ఇక మిగిలింది గురువారం ఒక్కటే. మంచి మెరుపు రావాలంటే మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. ఒకే రోజున దట్టంగా కొడితే మెరుస్తుంది, కానీ లోపల పచ్చిగా ఉండి చేయి తగిలినచోట ముద్ర పడుతుంది. కిందనున్న పాత రంగునూ ఉబ్బించవచ్చు. పలుచగా ఒక్క పూత కొడితే మెరుపు రాదు, కానీ ఆరుతుంది.

"ముందువైపు ఒక్కటీ దట్టంగా కొట్టరాదూ, జనం చూసేది అదేగా" అన్నాడు మరే.

"చూడ్డానికి కాదు మరే. నిలవడానికి."

గురువారం పొద్దున నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణిచింది. ముక్కుకు ముసుగు కట్టి, రంగు కొట్టే గన్ పట్టుకుని, ఇంజను మూత నుంచి పలుచగా మొదలుపెట్టింది. ఎడమనుంచి కుడికి, చేయి ఆపకుండా, ప్రతి పట్టీ ముందు పట్టీలో సగం మీద పడేలా. ఒకటిన్నరకు గన్ కింద పెట్టింది. నారింజ రంగు గుమ్మడిపండు తొక్కలా మెరుపు లేకుండా కనిపిస్తోంది. ఎక్కడా జారలేదు, ముడతపడలేదు. ఆమెకు సంతోషమూ కలగలేదు, దిగులూ కలగలేదు. గన్ విప్పి థిన్నర్‌లో కడిగి, దాని సూదులు వరసగా ఆరబెట్టింది.

శుక్రవారం తొమ్మిదింటికి మరే సూటు వేసుకుని వచ్చాడు. గ్లెనిస్ నల్ల గౌను మీద పనికోటు తొడుక్కుని ఉంది. సీటు కింద, ఎవరికీ కనపడని చోట బొటనవేలు వెనకవైపు ఆనించి చూసింది. అంటలేదు. వేలు తిప్పి గట్టిగా నొక్కింది. ముద్ర పడలేదు.

"అదిరింది గ్లెన్."

"లేదు. ఇంజను మూత అంచున పాత పొక్కు గుంట కనిపిస్తోంది చూడు. ఎడమ రేకు కింద పూత తక్కువ పడింది. రెండేళ్ళు నిలిస్తే గొప్ప."

"నాకేం కనపళ్ళేదే."

"నాకు కనిపిస్తోంది. రెండో గేరులోనే పో. చర్చి దగ్గర ఎవర్నీ ఆనుకోనీయకు, లోపల ఇంకా గట్టిపడాలి. బండి కొక్కెం నేను బిగించాను."

"నువ్వు రావా పక్కన?"

"వెనకాల నడిచొస్తాను."

కోటు జేబులోంచి తాళంచెవి తీసి, అంటిన రంగు చుక్కను గోటితో గీకి, మరే చేతిలో పెట్టింది.