గంట మోగే ఊరు

మన చర్చి సంఘం వ్యాను నడిపిన డ్రైవరుగారు పోయారు. ఆ శుక్రవారం ఆరాధనకు బయల్దేరిన ఆడవాళ్లం దుబాయ్ అల్ కుసైస్‌లో ఎప్పుడూ ఎక్కే చోటే ఎండలో నిలబడి ఉన్నాం. వ్యాను రాలేదు. కాస్త ఆలస్యమైతే ముందే ఫోను చేసే మనిషి, ఫోను కూడా చేయలేదు. నేనే చేశాను. ఆయన గదిలో ఉండే వెల్డరు ఎత్తాడు. "టీచరమ్మా, అన్న లేస్తలేడు. చాయ్ చల్లారిపోతంది లే అంటున్న, లేస్తలేడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పటికే అతనికి సంగతి తెలుసని గొంతును బట్టి నాకర్థమైంది.

మేం షార్జా దగ్గర సజ్జాలోని ఆ గదికి చేరేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిందని చెప్పారు. గోడకున్న మేకుకు ఉతికిన చొక్కా వేలాడుతోంది. శుక్రవారాలు వేసుకునే చొక్కా అది.

ఈ పత్రిక చదివేవారిలో ఆయనను ఎరగనివాళ్లు ఉంటారు కనుక కొంచెం చెబుతాను. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. మన మతస్థుడు కాదు, పర్సులో కొండగట్టు అంజన్న బొమ్మ ఉండేది. సజ్జాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీ బస్సు నడిపేవారు. అక్కడి ముదీర్, అదే మేనేజరు, దగ్గర అనుమతి తెచ్చుకుని సెలవు రోజున మన వ్యాను నడిపేవారు. మనం లోపల ఆరాధనలో ఉంటే ఆయన బయట వ్యానులో సీట్లన్నీ తడిగుడ్డతో తుడుచుకుంటూ కూర్చునేవారు. లోపలికి రమ్మని ఎవరైనా పిలిస్తే, "మీది మీరు కానియ్యుండ్రి, బండి చూసుకోవాలె గదా" అని నవ్వేవారు.

నెలకోసారి తూర్పు తీరాన కల్బా వెళ్లి, ఇళ్లల్లో పనిచేసే మన గోదావరి ఆడవాళ్లను తీసుకొచ్చేవారు. ఏ విల్లా గేటు ముందూ హారన్ కొట్టేవారు కాదు. హారన్‌కు మేడమ్ చిరాకు పడితే పై నెల ఆ మనిషికి సెలవు దొరకదని ఆయన భయం. వీధి చివర బండి ఆపి ఎదురుచూసేవారు. నేను ఒకటికి రెండుసార్లు గడియారం చూసుకుంటుంటే, "తొందరెందుకు టీచరమ్మా, రోడ్డు యాడికి వోతది? ఆమెను ఇడిసిపెట్టి పోతే నెలంతా దానికే ఏడుస్తది" అనేవారు. నేను రాజోలులో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. వేళకు మొదలుకానిది నాకు సరిపడదు. అయినా ఆ వ్యానులో ఆయన మాటే చెల్లేది.

కరోనా సద్దుమణిగాక మన యువజనులు ఒక జట్టుగా ఐరోపా వెళ్లి సేవ చేయాలనుకున్నారు. ఏడుగురు పిల్లలు, వాళ్లలో మా మనవరాలు ఒకతి. అక్కడి చిన్న చిన్న సంఘాల్లో పనివాళ్లు లేరు, ముసలివాళ్లే మిగిలారు. గోడలకు రంగులు వేయడం, వృద్ధాశ్రమాల్లో తోట పని, వలస కూలీలకు అన్నం వడ్డించడం, సాయంత్రాలు పాటలు పాడటం, ఇదీ పని. పెద్దవాళ్లు ఇద్దరు వెంట ఉంటేనే పంపుతామని తల్లిదండ్రులు పట్టుబట్టారు. లెక్కలూ క్రమశిక్షణా చూసేందుకు నన్ను అడిగారు. రెండో మనిషి ఎవరని చూస్తుంటే డ్రైవరుగారు ముందుకొచ్చారు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"నీకెందుకయ్యా అంత దూరం? ఈ ఏడు నీకు ఇంటికెళ్లే సెలవు కదా" అన్నాను.

"ఆ సెలవుల్నే వస్త అమ్మా. ఇంటిదాన్ని అడిగిన. ఆమెనే పొమ్మన్నది."

రెండేళ్లకోసారి దొరికే సెలవును భార్యాబిడ్డల దగ్గరకు కాక మన పిల్లల వ్యాను తోలడానికి ఎందుకు ఇస్తున్నారో నాకు బోధపడలేదు. అడిగితే, "చూద్దామని" అన్నారు, అంతే.

మిలాన్‌లో తొమ్మిది సీట్ల వ్యాను అద్దెకు తీసుకున్నాం. ముందు సీటు నాది. పిల్లలు ఆయనను మామా అనేవారు. నేను ప్రతి టోలుగేటు రశీదూ అతికించి పెట్టుకుంటుంటే ఆయన ఓరగా చూసి, "టీచరమ్మా, కిటికీల నుంచి గాలి వస్తంది. దానికి గూడ రాయుండ్రి" అనేవారు. "నువ్వు రోడ్డు చూసి నడుపు" అనేదాన్ని. వెనక పిల్లలు పగలబడి నవ్వేవారు.

మొదటి ఆదివారం ఇటలీలో ఒక కొండ ఊళ్లో ఉన్నాం. పొద్దున్నే చర్చిగంట మోగింది. ఇక్కడ మన ఆరాధన అంతా ప్రహరీ లోపల, తలుపుల వెనక. చర్చిగంట అన్నది ఎమిరేట్స్‌లో మనం ఎరగం. నేను చిన్నప్పటి మా ఊరి గంట తలుచుకుని వరండాలోకి వచ్చాను. ఇంతలో లోయ అవతలి ఊళ్లో ఇంకో గంట అందుకుంది. దాని వెనక మరొకటి, కుడి పక్క ఇంకొకటి. డ్రైవరుగారు వ్యాను మెట్టు మీద కూర్చుని, గంట మోగిన వైపల్లా తల తిప్పుతున్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఒంట్లో బాగోలేదా?" అని అడిగాను.

"ఇన్ని చర్చిలున్నయా అమ్మా ఈ దేశంల?"

"ప్రతి ఊళ్లో ఉంటుంది. పెద్ద ఊరైతే నాలుగైదు కూడా."

ఆయన మెట్టు మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. తర్వాత చెప్పారు. ఆయనకో తమ్ముడు ఉన్నాడు. పదేళ్లు చిన్నవాడు, ఈయన చేతుల్లో పెరిగినవాడు. సజ్జాలో అదే ఫ్యాక్టరీలో పని. కరోనాలో ఆ పని పోతే, అన్న వద్దంటున్నా వినకుండా ఎవరో ఏజెంటును పట్టుకుని ఐరోపా వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు నంబరు కనిపించని ఫోను ఒకటి వచ్చింది. "అన్నా, మంచిగున్న. తోటలల్ల పని" అన్నాడు. ఏ దేశమో చెప్పేలోపే ఈయనకు కోపం ఆగలేదు. పోయినవాడివి పోయినట్టే ఉండు, మళ్లీ ఫోను చేయకు అని పెట్టేశారు. ఆ ఫోనులో తమ్ముడి వెనక గంట మోగింది. అదేం గంటని ఫ్యాక్టరీలో ఒక ఫిలిప్పీన్స్ ఆయనను అడిగితే చర్చిగంట అయి ఉంటుందన్నాడు.

"మీరు చర్చిల వెంబడే పోతరు గదా. గంట మోగే ఊరుకే పోతరు. ఆడనే ఉంటడనుకున్న" అన్నారు.

"అతను మళ్లీ చేయలేదా?"

"చెయ్యలే. చిన్నప్పటిసంది నా మాట దాటలే అమ్మా వాడు. పోవద్దన్న మాట ఒక్కటే దాటిండు. చెయ్యకన్న, చెయ్యలే."

గంటలు ఆగాయి. పిల్లలు పళ్లు తోముకుని బయటికొస్తున్నారు. ఆయన లేచి, వ్యాను అద్దాలు తుడవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నుంచి ఆయనకు మా పాటల మీద పట్టింపు వచ్చింది. అక్కడివాళ్లకు అర్థమవుతాయని పిల్లలు ఇంగ్లీషు పాటలు సిద్ధం చేసుకున్నారు. ఊరి మధ్య ఖాళీ జాగాలో గిటారు సరిచేసుకుంటుంటే ఈయన దగ్గరికెళ్లి నిలబడ్డారు.

"తెలుగు పాట పాడు బిడ్డా."

"మామా, ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?" అంది మా మనవరాలు.

"అర్థమయ్యేటోడు ఉంటే ఇంటడు. గట్టిగ పాడుండ్రి."

"ఏ పాట మామా?"

"ఏదన్న పాడు. గట్టిగుండాలె."

లోపలికి రమ్మంటే ఏళ్ల తరబడి రాని మనిషికి ఇప్పుడు భక్తి కుదిరిందని పిల్లలు సంబరపడ్డారు. సంగతి పిల్లలకు చెప్పనా అని ఆయనను అడిగాను. "ఒద్దమ్మా, వాళ్లు దేవునికి పాడుతున్నరు. మంచిగ పాడుతున్నరు. నా బాధ కలిపితే పాట ఖరాబైతది" అన్నారు. నేను చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి కార్యక్రమం పట్టికలో ప్రతి ఊళ్లోనూ మొదటి పాట తెలుగు, చివరి పాట తెలుగు అని రాశాను. నా పట్టికకు ఎదురు చెప్పే ధైర్యం పిల్లలకు లేదు.

ఫ్రాన్సు దాటాం. స్పెయిన్‌లో పండ్ల తోటల పక్కన కూలీలకు వడ్డించాం. డ్రైవరుగారు గరిటె పట్టుకుని నిలబడ్డారు. వరసలో మన ఛాయలో కనిపించిన ప్రతి మనిషినీ "తిన్నవా తమ్మీ?" అని పలకరించేవారు. బంగ్లాదేశ్ వాళ్లు, మొరాకో వాళ్లు, ఎవరైతేనేం, ఆ పలకరింపుకు నవ్వనివాళ్లు లేరు. ఆ మాటకు తెలుగులో బదులు రావాలని ఆయన చూసేవారు. రాకపోతే ఇంకో గరిటె కూర ఎక్కువ వేసి పంపేవారు.

మా ఆఖరి వారం పోర్చుగల్‌లో. అక్కడొక ఊళ్లో సాయంత్రం పిల్లలు పాడుతుండగా ఒక మనిషి జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. గడ్డం పెరిగింది, బూట్లకు మట్టి. "ఏ ఊరు మీది? మనోళ్లేనా?" అంటూనే ఏడ్చేశాడు. నేను డ్రైవరుగారి వైపు చూశాను. ఆయన అప్పటికే ఆ మనిషి దగ్గరకు నడిచారు. ముఖం చూశారు. కాదని నాకు ఆయన భుజాలను బట్టి తెలిసింది. అయినా వెనక్కి రాలేదు. ఆ మనిషిని వ్యాను దగ్గరకు తీసుకొచ్చి కూర్చోబెట్టి, మా డబ్బాలోని పులిహోర పెట్టారు. నిర్మల్ వైపు మనిషట. తమ్ముడి ఫోటో చూపించి అడిగారు. ఎప్పుడూ చూడలేదన్నాడు.

"ఇంటికి ఫోన్ చేసినవా?" అని అడిగారు.

"చేస్తలేనన్నా. మా నాయిన తిట్టిండు. చేసి శానా నెలలైతంది."

డ్రైవరుగారు తన ఫోను తీసి అతని చేతిలో పెట్టారు. "చెయ్యి. తిడితే తిట్టనియ్యి. పెట్టేస్తే మల్ల చెయ్యి. తిట్టినోడు ఫోను పక్కకు పెట్టుకునే పంటడు, నీకు తెల్వదు."

ఆ మనిషి ఫోను చేశాడు. అవతల ఎవరో ముసలి గొంతు గట్టిగా తిట్టడం నాకు వినిపించింది, ఆ తర్వాత ఏడవడం. డ్రైవరుగారు కాస్త దూరం జరిగి, ఎవరూ చూడనట్టు వ్యాను టైరును కాలితో తడుతూ నిలబడ్డారు.

తిరిగొచ్చాక మళ్లీ సజ్జా, మళ్లీ ఫ్యాక్టరీ బస్సు, సెలవు రోజు మన వ్యాను. మారింది ఒక్కటే. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎంత హడావిడిలో ఉన్నా వ్యాను పక్కకు ఆపి ఎత్తేవారు. ఎక్కువసార్లు బ్యాంకు కార్డులు అమ్మే అమ్మాయిలే. వాళ్లతో కూడా విసుగు లేకుండా, "నహీ చాహియే బేటా, ఖానా ఖాయా?" అని హిందీలో వద్దని చెప్పి, తిన్నావా అని అడిగి పెట్టేసేవారు. అలా ఆపిన ప్రతిసారీ వెనక కూర్చున్న ఆడవాళ్లు మాట్లాడటం మానేసేవారు. అప్పటికి ఆయనే చెప్పగా వాళ్లందరికీ, పిల్లలకూ సంగతి తెలుసు. నేనూ గడియారం చూసుకునేదాన్ని కాదు.

ఆయన నాకు నేర్పిందేమిటని అడిగితే చెప్పలేను. నేను నమ్మే దేవుడు తప్పిపోయినవాణ్ని వెతుక్కుంటూ వెళతాడని చిన్నప్పటి నుంచి చదువుకున్నాను, పిల్లలకు చెప్పాను. వెతకడమంటే ఏమిటో పక్క సీటులో కూర్చుని చూసింది మాత్రం ఆ ఒక్క ప్రయాణంలోనే.

దేహాన్ని ఊరికి పంపేటప్పుడు ఆయన భార్యతో ఫోనులో మాట్లాడాను. ఆ ఇల్లాలు ఏడుస్తూనే ఒక మాట అడిగింది. "అమ్మా, ఆయన ఫోను బందు పెట్టకుండ్రి. మరిది చేస్తడేమో." ఫోను నా దగ్గరే ఉంది. ఆయన గుర్తింపు కార్డు, ఎమిరేట్స్ ఐడీ, గడువు ఉన్నంతవరకు ఆ నంబరు పనిచేస్తుందని కనుక్కున్నాను. ఆ తర్వాత ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. ఐరోపాలో ఈ పత్రిక చదివే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. సజ్జా నుంచి తోటల్లో పనికి వచ్చిన జగిత్యాల మనిషి, నలభై దాటినవాడు, అన్న మాట మీద ఫోను చేయకుండా ఉన్నవాడు, మీకెక్కడైనా తారసపడితే చెప్పండి. ఆ మాటను వాళ్లన్న వెనక్కి తీసుకున్నాడని. ఎప్పుడో తీసుకున్నాడని.

పిల్లలు ఈ ఏడు కూడా వెళ్లారు, వేరే డ్రైవరుతో. నిన్న మా మనవరాలు పోర్చుగల్ నుంచి వీడియో కాల్ చేసింది. అనవసరంగా మాట్లాడటం నాకు నచ్చదని తెలిసి, "అమ్మమ్మా, ఏం మాట్లాడకు, ఊరికే చూడు" అని ఫోను ఎత్తి పట్టుకుంది. ఒక ఊరి చిన్న కూడలి. జట్టు తెలుగులో పాడుతోంది, ఎవరూ అడగకుండానే, గొంతులు బొంగురుపోయేటంత గట్టిగా. చుట్టూ ఉన్న మనుషుల మీదుగా మా పిల్ల ఫోనును నెమ్మదిగా తిప్పింది. నేను కళ్లజోడు తుడుచుకుని ఒక్కో ముఖమే చూశాను. చివర ట్రాము ఆగే చోట, చేతిలో కూరగాయల సంచితో ఒకతను అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వీపు తప్ప కనిపించలేదు. ట్రాము వచ్చింది. అక్కడున్న మిగతావాళ్లంతా ఎక్కారు. తలుపులు మూసుకుని ట్రాము వెళ్లిపోయింది. అతను ఎక్కలేదు.