చాచా అడిగిన అరగంట

మొన్న ఆదివారం మెదక్ చర్చి చూడటానికి వచ్చిన ఒక కుటుంబం, ఆటో అతను ఏం చెప్పాడో గాని, తిరిగి పోతూ మా ఇంజిన్ దగ్గర కూడా ఆగింది. ఆ ఇంటాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద చెయ్యేసి ఫోటో దిగి, అందరూ అడిగేదే అడిగాడు. "సార్, గిది నడుస్తదా?" నడవదన్నాను. "ఎందుకు?" అన్నాడు. ఈ రెండో ప్రశ్నకు నాలుగేళ్ల పాటు నా దగ్గర రకరకాల జవాబులుండేవి. సామాన్లు దొరకడం లేదని ఒకరికి, పర్మిషన్ రాలేదని ఇంకొకరికి, దాని వయసైపోయిందని మరొకరికి చెప్పేవాణ్ని. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, పాపం, పిల్లలకు ఐస్‌క్రీం కొనిపెట్టడానికి వెళ్లిపోయాడు. ఆయనకు రెండు ముక్కల్లో చెప్పింది ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మాది పాత డీజిల్ ఇంజిన్ల సంరక్షణ సంఘం. పేరులో ఇంజిన్లు అని ఘనంగా ఉంది గాని ఉన్నది ఒక్కటే. సభ్యులం ఎనిమిది మందిమి. అధ్యక్షుడు మా అక్క భర్త, మా బావ. కార్యదర్శిని నేను. నేను ఉద్యోగమంతా బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేశాను. "బస్సోనికి గీ రైలు పిచ్చి ఏందిరా?" అని మా అక్క ఇప్పటికీ నవ్వుతుంది. కారణం పెద్దదేమీ కాదు. నా చిన్నప్పుడు మెదక్‌కు రైలు లేదు, నేను రిటైరయ్యేదాకా కూడా లేదు. లేనిదాని మీద మోజు పోదు. ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీలో వ్యాగన్లను అటూ ఇటూ నెట్టే పొట్టి డీజిల్ ఇంజిన్ ఒకటి తుక్కు కింద పోతోందని తెలిసి, బావను ఒప్పించి, తలా ఇంత వేసుకుని తెచ్చుకున్నాం. ఊరికి రైలు రాకముందే మా ఇంజిన్ వచ్చింది, అదీ లారీ మీద. తూప్రాన్‌లో డ్రైవర్ చాయ్ కోసం ఆపితే చుట్టూ జనం మూగారు. ఒక ముసలామె దండం కూడా పెట్టుకుంది. దేనికని ఎవరూ అడగలేదు. బావ మూసేసిన రైస్ మిల్లు ఆవరణలో నలభై గజాల పట్టాలు పరిచి దాన్ని దించాం.

తెచ్చింది మేమే అయినా దాన్ని బతికించింది ఊరంతా చాచా అని పిలిచే ముసలాయన. ఆయన అన్నదమ్ములది బజారులో పరుపుల దుకాణం. ఈయన మాత్రం ఊరు విడిచి లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి, రిటైరై తిరిగొచ్చాడు. మేం పిలవలేదు. ఇంజిన్ దిగిన మూడో రోజు సైకిల్ మీద వచ్చి, గోడకు ఆనించి, దాని చుట్టూ మెల్లగా నడిచాడు. చెప్పులు విడిచి క్యాబిన్‌లోకి ఎక్కాడు. నూనె కొలిచే కడ్డీ లాగి, దానికి అంటిన నూనె వేలితో తీసి వాసన చూశాడు. దిగి వచ్చి, "ఇంజిన్ మంచిగనే ఉన్నది. మనుషులే ఇడిసిపెట్టిండ్రు" అన్నాడు. రెండు ఎండాకాలాలు పట్టింది. ఒక్కో భాగం విప్పి, కిరసనాయిలుతో కడిగి, పాత చీరల గుడ్డలతో తుడిచి, పాత చాప మీద వరుసగా పెట్టేవాళ్లం. ఏది ఎక్కడిదో మేం మర్చిపోయేవాళ్లం, చాచా మర్చిపోలేదు. మొదటిసారి స్టార్ట్ అయిన రోజు లేచిన నల్లటి పొగకు పక్కింటి వాళ్లు ఆరేసుకున్న బట్టలన్నీ పాడైపోయాయి. బావ వెళ్లి బతిమాలి వచ్చాడు. చాచా కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. నేనూ తుడుచుకున్నాను, పొగ వల్ల అని చెప్పాను.

తర్వాత ప్రతి ఆదివారం ఇంజిన్ నడిపేవాళ్లం. ముందుకు ముప్పై అంగలు, వెనక్కి ముప్పై అంగలు. అయితే చాచాకు ఒక పద్ధతి ఉండేది. స్టార్ట్ చేసేముందు అరగంట కావాలనేవాడు. సిలిండర్ల నెత్తిన చిన్న చిన్న కుళాయిలుంటాయి. ముందు అవన్నీ విప్పాలి. తర్వాత పొడుగాటి ఇనుప బార్ తగిలించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. పొగగొట్టంలోంచి వాన నీళ్లు గాని లోపలికి దిగి ఉంటే అప్పుడు ఆ కుళాయిల్లోంచి బయటికి చిమ్ముతాయి. చూసుకోకుండా స్టార్ట్ చేస్తే, నీళ్లు గాలిలా నొక్కితే అణగవు కాబట్టి లోపలి రాడ్డు వంగుతుంది. మేం ఎన్ని ఆదివారాలు తిప్పినా ఒక్క చుక్క రాలేదు. ఇద్దరు బార్ పట్టుకుని ఆయాసపడుతుంటే మిగతావాళ్లం ఫోన్లు చూసుకునేవాళ్లం. చాచా మాత్రం ప్రతి కుళాయి దగ్గరా అరచెయ్యి పెట్టి నిలబడేవాడు.

ఆ రోజు సంఘం వార్షికోత్సవం. బావకు రాజకీయాల గాలి కాస్త తగిలింది కాబట్టి ఒక లీడర్‌ను పిలిచాడు. లీడర్లు చెప్పిన టైంకు రెండు గంటలు ఆలస్యంగా వస్తారన్న నమ్మకంతో చాచా నమాజుకు వెళ్లాడు. నా జీవితంలో చూసిన లీడర్లలో ఆయనొక్కడే ముందుగా వచ్చాడు. వచ్చీ రాగానే ఏదో పెళ్లికి పోవాలన్నాడు. మిగతా సభ్యులు అప్పటికింకా మిల్లు ముందు కుర్చీలు వేసే పనిలో ఉన్నారు. "బామ్మర్దీ, జర స్టార్ట్ చెయ్యవయా, పెద్దమనిషి నిలవడ్డడు" అని బావ నా వెనక నిలబడి తొందర పెట్టాడు. ముందురోజు గాలివాన కొట్టింది. పొగగొట్టం మీద మేం బోర్లించే డబ్బా గోడ పక్కన పడి ఉంది. అది నా కంటపడింది కూడా. ఇన్నాళ్లు రానిది ఇవాళే వస్తుందా అనుకుని స్విచ్ నొక్కాను.

లోపల ఏదో బలంగా గుద్దిన చప్పుడైంది. ఇంజిన్ ఒక్కసారి ఊగి నిలిచిపోయింది. లీడర్ అది స్టార్టయిన చప్పుడే అనుకుని చప్పట్లు కొట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరాడు. ఆయన కారు గేటు దాకా పోకముందే చాచా సైకిల్ లోపలికి వచ్చింది. మా ముఖాలు చూసి ఆయన ఒకటే అడిగాడు. "బార్ తిప్పిండ్రా?" 

"తిప్పినం చాచా" అన్నాను. 

"నీళ్లు?" 

"రాలే." 

ఎందుకన్నానో అడిగితే చెప్పలేను. చప్పుడు విని వచ్చినవాళ్లంతా చుట్టూ ఉన్నారు, నేను కార్యదర్శిని, నోట్లోంచి మాట వచ్చేసింది. బావకు నిజం తెలుసు, అయినా "పెద్దమనిషి పోతుండు, నడువుండ్రి" అన్నాడు. లీడర్‌ను సాగనంపడానికి మేమంతా గేటు దగ్గరికి పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి చాచా ఇంజిన్ పక్కన నిలబడి ఉన్నాడు. "బార్ తిప్పినంక గూడ ఇట్లయిందంటె, రాడ్డు బోల్టులు నేనే సక్కగ బిగియ్యలే. నా చెయ్యే తప్పింది" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అందరికంటే గట్టిగా నేనే ఏమీ అనలేదు.

ఆ తర్వాత చాచా కొన్ని ఆదివారాలు వచ్చాడు. ఒక స్టూలు మీద కూర్చుని నన్ను చూసేవాడు. రంగులు వెయ్యడం, గడ్డి పీకడం మా పని అయింది. ముసలాయన కళ్లు మసకబారాయని, బోల్టు ఏది బిగిసిందో తెలియలేదని సభ్యులు చాటుగా అనుకోవడం ఆయన చెవిన పడకుండా ఉంటుందా? ఒకరోజు పానాల సంచీ నా చేతికిచ్చి, మోకాళ్లు నొస్తున్నాయని చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. బజారులో ఎదురైతే సలాం చెప్పేవాడు, నేను తల దించుకుని తిరిగి చెప్పేవాణ్ని. ముప్పై ఏళ్లు పేరు చెడని ఫిట్టర్‌కు సొంత ఊళ్లో ఆ పేరు తెచ్చింది నేను. ఈ సంగతి తెలిసీ హాయిగా అన్నం తిన్నానని చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, చాలా రోజులు తిన్నాను.

ఈ ఏడు వానాకాలంలో తూప్రాన్ లారీ మెకానిక్ ఒకాయన రాడ్డు దొరికితే బాగు చేస్తానన్నాడు. మీటింగు పెట్టాం. కొత్తగా చేరిన సభ్యుడొకరు, "చాచాను మాత్రం పిల్వొద్దు, మల్ల చెడగొడ్తడు" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయాల్సింది నేను. రాయలేదు. చెప్పులు వేసుకుని తిన్నగా చాచా ఇంటికి పోయాను.

కోడలి మిక్సీ విప్పి ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. "చాచా, ఆ దినం మేం బార్ తిప్పలే" అన్నాను. 

ఆయన తలెత్తలేదు. మరలో దుమ్ము ఊదాడు. "తెల్సు" అన్నాడు. 

"ఎట్ల తెల్సు?" 

"మీరంత గేటుకాడికి ఉరికిండ్రు గద. కుళాయి విప్పి చూసిన. నీళ్లు కారినయ్. గుడ్డతోని తుడిసిన." 

"మరి తప్పు మీ మీద ఎందుకేసుకున్నరు?" 

"మీరు తిప్పినం అన్నరు. నలుగుర్ల మిమ్మల్ని అబద్ధమాడిండ్రు అని నేనెట్ల అంట సాబ్? మీరే చెప్తరనుకున్న. ఈ ఆయితారం చెప్తరు, వచ్చే ఆయితారం చెప్తరు అని వచ్చి కూసున్న. ఆఖరికి రానీకె మనసొప్పలే." 

నేను క్షమించమన్నాను. ఆయన మిక్సీ పక్కకు జరిపాడు. "నాతోని చెప్తె ఏమొస్తది, నాకు తెల్సిందే. ఆడ చెప్పుండ్రి" అన్నాడు.

తర్వాతి ఆదివారం చాచాను కూడా రమ్మని, అందరి ముందూ చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బావ వెంటనే, "తొందర పెట్టింది నేనే" అన్నాడు. చాచాను పిలవొద్దన్న సభ్యుడు లేచి కుర్చీ తెచ్చి వేశాడు. గేటు పక్కన నిలబడి అంతా విన్న చాచా ఆ కుర్చీలో కూర్చోలేదు, చెప్పులు విడిచి క్యాబిన్‌లోకి ఎక్కాడు. రాడ్డు ఇంకా దొరకలేదు, ఇంజిన్ మళ్లీ నడుస్తుందో లేదో తెలియదు. అరగంట ఆగలేకపోయిన నా కోసం ఆయన నాలుగేళ్లు ఆగాడు.