ఒరిగిన గోడ ముందు ఎస్తేరక్క

ఈ పొద్దున సూర్యాపేటలోని నా స్టూడియోలో అల్మారా సర్దుతుంటే అడుగున ఒక తోలు సంచి చేతికి తగిలింది. తెరవగానే కర్పూరం వాసన. లోపల పిడికిలంత గాజుబుడగ, దాని చుట్టూ నల్లటి లోహపు అంచు. ఫిష్ ఐ కన్వర్టర్. మామూలు లెన్సు ముందు దీన్ని తిప్పి బిగిస్తే గది నాలుగు మూలలూ, పైకప్పూ, నేలా ఒక్క ఫోటోలోకి వచ్చేస్తాయి. ఏమరుపాటుగా ఉంటే తీసేవాళ్ళ కాలివేళ్ళు కూడా వస్తాయి. కెమెరాకు బిగిస్తుంటే సన్నటి మరలు ఒకదాంట్లో ఒకటి దిగుతూ కిరకిరమన్నాయి. ఆ చప్పుడు వినగానే ఎస్తేరక్క గుర్తొచ్చింది.

మిర్యాలగూడలో ఆమె స్టూడియోలో నేను ఏడేళ్ళు పనిచేశాను. బీఎడ్ చదివీ ఉద్యోగం దొరక్క, ఇరవై ఆరేళ్ళ వయసులో ఆమె దగ్గర చేరాను. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, గొంతు పెద్దది, మెప్పుకోలు మాట నోట రాదు. ఆ కన్వర్టర్ మొదటిసారి నా చేతికిచ్చిన రోజు మర సరిగా ఎక్కకపోతే నేను గట్టిగా తిప్పబోయాను. "బలం వెట్టకు నీలిమా. తీసి మల్ల మొదటికెళ్ళి ఎక్కియ్" అని చెయ్యి పట్టుకుని ఆపింది. నేనేమో దానితో పెళ్ళి మండపాలు గుండ్రంగా తీసి, అందరూ ఆహా అంటుంటే పొంగిపోయేదాన్ని. గీతలన్నీ వంగిపోవడమే దాని అందమనుకునేదాన్ని.

ఒకసారి మోతె దగ్గరి చిన్న ఊరి బడి నుంచి రాధ టీచర్ ఫోన్ చేసింది. ఆ బడిలో ఒక గది వెనక గోడ లోపలికి ఒరుగుతోంది. ఆ గోడ కిందే మూడో తరగతి పిల్లల బెంచీలు. "గది మొత్తం ఒక్క ఫోటోల రావాలె మేడం. ముక్కలు ముక్కలుగ పంపితే ఏ గోడ ఎటు ఒరిగిందో ఆఫీసోళ్ళకు సమజ్ అయితలేదు" అంది. గది ఇరుకు, వెనక సందు ఇంకా ఇరుకు. వెనక్కి జరిగి తీసే వీలే లేదు. నేను వెళ్ళి, కన్వర్టర్ బిగించి, పది నిమిషాల్లో తీసేసి వచ్చాను. గోడ విల్లులా వంగి, మీద పడబోతున్నట్టు వచ్చింది. చూసినవాళ్ళు భయపడాలి, అంతే కదా అనుకున్నాను.

వారం తర్వాత ఆ ఫోటో పట్టుకుని రాధ టీచర్, నేను కోదాడలో బడి భవనాలు చూసే ఇంజనీరు గారిని కలిశాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, కాగితం మా వైపు జరిపాడు. "ఈ లెన్సుతో తీస్తే మా ఇంటి గోడ కూడా ఇలాగే వంగుతుందండీ. మా అమ్మాయి పెళ్ళిలో తీశారు, నాకు తెలుసు. దీన్ని నమ్మి బడి గదికి తాళం ఎలా వేయమంటారు?" అన్నాడు. రాధ టీచర్ ఆ ఫోటో నా చేతిలో పెట్టి తన బస్సెక్కింది.

స్టూడియోకు వచ్చి అక్క ముందు కోపమంతా వెళ్ళగక్కాను. ఆమె ఫోటోను చాలాసేపు చూసింది. "ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? నిజంగ ఒరిగిన గోడను గూడ నువ్వు అబద్ధం లెక్క తీసినవ్."

ఆమె కన్వర్టర్ బిగించిన కెమెరా నా చేతిలో పెట్టి స్టూడియో తలుపు వైపు తిప్పింది. తలుపు చట్రం అంచుకు వచ్చినప్పుడు అరటిపండులా వంగింది. మెల్లగా మధ్యకు తెచ్చాను, నిటారుగా నిలబడింది. "సూసినవా? నడిమిట్లకెళ్ళి పోయే గీత వంగదు. నువ్వు సూపియ్యాలనుకున్నది నడిమిట్ల వెట్టు. పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం" అంది.

"నీ మోకాళ్ళతో ఎట్ల వస్తవ్ అక్కా?"

"మోకాళ్ళు గూడ వస్తయి తియ్."

మరునాడు ఆమె సంచిలో ఒక దారం, దాని చివర ఇనుప గుండు ఉన్నాయి. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునేవి, పక్కింటి మేస్త్రీని అడిగి తెచ్చింది. బడికి చేరగానే ముందు పిల్లలందరినీ బయటికి పంపింది. గోడ మూలన, పైన మేకుకు దారం కట్టి గుండు వేలాడదీశాం. పైన గోడను తాకుతున్న దారం, కిందికి వచ్చేసరికి గోడకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. అంతవరకూ నేను కూడా ఆ గోడను సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది.

గుండు ఊగుతూనే ఉంది. అక్క ఒక బకెట్లో నీళ్ళు తెప్పించి గుండును అందులో ముంచింది. నేను నేల మీద పడుకుని దారాన్ని ఫోటోకు సరిగ్గా మధ్యలో నిలిపాను. మొదటిసారి నా మోచెయ్యి పడింది. రెండోసారి కెమెరా కాస్త ఒరిగింది. పైనుంచి సున్నం పెళ్ళ ఒకటి రాలి నా భుజం పక్కన పడింది. లేవబోయాను. అక్క గడప దగ్గరే నిలబడి, "భయమైతే రా, నేను పడుకుంట" అంది. ఆ మోకాళ్ళతో ఆమె నిజంగానే పడుకుంటుందని నాకు తెలుసు. మళ్ళీ కెమెరా సరిచేశాను. దారం కదలకుండా ఆగాక నొక్కాను. మధ్యలో నిటారుగా దారం, పక్కన ఒరిగిన గోడ మూల, దాని కిందే బెంచీలు, బెంచీల మీద పిల్లల సంచులు. అన్నీ వచ్చాయి.

అటునుంచి అటే కోదాడ వెళ్ళాం. నేను నోరు తెరిచేలోపే అక్క, "మొన్నటి ఫోటో మాది తప్పు సార్. ఇది సూడండి" అంది. వాదనకు సిద్ధపడ్డ ఆయన ముఖం మారిపోయింది. కెమెరా అందుకుని తెర మీద దారం వెంట వేలు పోనిచ్చాడు. "ఈ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?" అని మాత్రం అడిగాడు. సాయంత్రంలోగా తన గుండుదారంతో తనే వచ్చి చూసి, గదికి తాళం వేయించాడు. మూడో తరగతి ఆ ఊరి చర్చి వరండాలోకి మారింది.

వానలు మొదలైన రెండో వారం ఆ గోడ సగం కూలింది, అదీ బడి నడిచే వేళ. తాళం వేసిన గదిలో ఎవరూ లేరని రాధ టీచర్ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నేనూ ఏడ్చాను. అక్క కళ్ళు తుడుచుకుని, "ఆ టీచర్‌ను అడుగు, ఆ దిక్కు ఇంకా ఇట్లాంటి గదులు ఎన్నున్నయో" అంది. ఆ ఏడాదంతా వీలు దొరికినప్పుడల్లా ఊళ్ళు తిరిగాం. కొన్నిచోట్ల తాళాలు పడ్డాయి. కొన్నిచోట్ల మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ఆపినచోటికి ఆమె రెండోసారి, మూడోసారి వెళ్ళింది.

ఎస్తేరక్క పోయి మూడేళ్ళయింది. మాట పడ్డప్పుడు ముందు నా పనిలో తప్పు వెతుక్కోవడం, తర్వాత వెనక్కి తగ్గకుండా మళ్ళీ వెళ్ళడం, ఈ రెండూ ఆమె దగ్గర నేర్చుకున్నవే. మొదటిది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. నిన్న పాలకీడు వైపు నుంచి ఒక టీచరమ్మ మళ్ళీ రమ్మని ఫోన్ చేసింది. నెల క్రితం నేను వెళ్తే గది తెరవకుండా పంపేసిన బడి అది. ఈసారైనా తెరుస్తారో లేదో ఆమెకూ తెలియదట. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను.