ఫ్లెక్సీలో ఉన్నది నేను కాదు

పాప మూడో పుట్టినరోజుకు క్యాంపస్ క్వార్టర్స్ ముందు కట్టిన ఫ్లెక్సీలో నా ముఖం నున్నగా ఉంది. నిజానికి ఎడమ చెంప మీద, చెవి నుంచి మెడ దాకా, నూనె పడి కాలిన చోట, నా చర్మం ముడుచుకుపోయి మెరుస్తూ ఉంటుంది. తార్నాకలోని ఫ్లెక్సీ షాపువాడు అదంతా తుడిచేశాడు. ఇంకాస్త తెల్లగా కూడా చేశాడు.

గారె పేలి మూకుట్లోని నూనె ముఖం మీదికి ఎగజిమ్మినప్పుడు పాప ఇంకా పాకుతోంది. దానికి తెలిసిన అమ్మ ముఖం ఇదొక్కటే. నిద్రపోయే ముందు ఈ ముడతల్నే వేళ్లతో తడుముతుంది.

చుట్టాలకు మాత్రం దీని గురించి మాట్లాడందే ముద్ద దిగదు. మటన్ వడ్డించుకుంటూ ఒకావిడ అంది: "పెండ్లయినంక అయింది, నయం బిడ్డా. ముందుగాల అయితే ఎవడు చేసుకుంటుండె?" మొదట్లో ఇలాంటి మాటలకు ఏడ్చేదాన్ని. ఇప్పుడు వాళ్ల గొంతులో ఎముక ఇరుక్కుంటే బాగుండుననుకుంటాను.

ఫ్లెక్సీ దగ్గరుండి కట్టించిన మా ఆయన అక్క పాపను ఎత్తుకుని ఫ్లెక్సీ దగ్గరికి తీసుకెళ్లింది.

"గిదెవరు బిడ్డా?"

"నేను."

"గీయన?"

"డాడీ."

"మరి గీమె?"

పాప చాలాసేపు చూసింది. "ఆంటీ."

అందరూ నవ్వారు. "ఆంటీ ఏంది పిల్లా, మీ అమ్మనే గద. ఎంత మంచిగున్నదో చూడు."

"కాదు. మా అమ్మ గాడున్నది."

"గిదే అమ్మ. అమ్మ అను, కేక్ పెడతా."

పాప నన్ను చూసింది. ఫ్లెక్సీని చూసింది. నోరు తెరవబోయింది. కేక్ కోసం ఒక్కసారి ఆ మాట అంటే చాలు, ఏ ముఖం సరైనదో నేర్చేసుకుంటుంది. జూన్‌లో నర్సరీలో వేశాక, బడి గేటు దగ్గర నా చెయ్యి వదిలించుకుంటుంది.

కేక్ చాకు తీసుకెళ్లి ఫ్లెక్సీ తాళ్లు కోసేశాను.

"నలుగురిల పరువు తీస్తవా?" అంది వదిన.

"నా ముఖం చెరపమని మీకెవరు చెప్పిన్రు వదినా?"

"నన్నెందుకంటవ్? నీ మొగుడే షాపుల కూసొని చేయించిండు. అడుగు పో."

ఆయన కుర్చీలు సర్దుతున్నాడు. అడిగితే తల ఎత్తలేదు. "అందరొస్తరు గద. నువ్వు ఫీలైతవని..."

"నేనా, నువ్వా?"

ఇంకో కుర్చీ తీసి పక్కకు జరిపాడు.

మడతపెట్టే ముందు ఆ బొమ్మను దగ్గరగా చూశాను. అది నా పాత ముఖం కూడా కాదు. అప్పట్లో ఆ చెంప మీద పుట్టుమచ్చ ఉండేది. ఇదే క్యాంపస్‌లో, చదువుకునే రోజుల్లో, ఆ మచ్చ బాగుందంటూ నాతో మాట కలిపిన ఈ మనిషే దాన్ని మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున ఇద్దర్నీ క్యాంపస్ రోడ్డు మీదికి లాక్కెళ్లాను. పాపను ఎత్తుకుని ఫొటో తీయమన్నాను. ఆయన ఫోన్ ఎత్తాడు. అలవాటుగా, కాలిన చెంప పక్కకు పోయేలా చెయ్యి ఊపాడు.

"జర గిటు తిరుగు."

పాప నా ఎడమ చెంపకు తన చెంప ఆనించి ఉంది. నేను తిరగలేదు.